ఊరు కాదన్న పొలి

బళ్ళారి జైలు,
14-11-1959, శనివారం.

సహనంలో భూదేవికి పైఅధికారి, మాటలో జిల్లా కలెక్టరు అయిన మా పెద్దక్కయ్య సరోజినీదేవి గారి పాదాలకు తమ్ముడు కోటిలింగం, బి.ఏ., శతసహస్ర వందనాలు సమర్పించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ నేను క్షేమం. నా క్షేమం కోసం ప్రభుత్వంవారు రెండు తాళాలు, ఒక తుపాకి, ఒక వార్డరును ప్రత్యేకంగా కేటాయించారు. అక్కడ గాంధీనగర్‌లో ప్లీడరుగారింట్లో నువ్వూ బావా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

విషయంలోకి వెళ్ళేముందు చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పుకోవాలి. మన వంశంలో మొదటి పట్టభద్రుణ్ణీ, మొదటి హత్యానిందితుణ్ణీ నేనే అయి, రెండు పదవులూ ఒక్కడినే కాజేసినందుకు క్షమించు. తెనాలి నుంచి నిన్ను ఇన్ని రైళ్ళు మార్పించినందుకు, ఇక్కడి నీళ్ళు పడక నీకు జలుబు చేసినందుకు క్షమించు. తుంగభద్రకు ఆనకట్ట కట్టినందుకు, కాలవ తవ్వినందుకు, ఆ కాలవలోకి నీళ్ళు వదిలినందుకు కూడా క్షమించు. ఇవి నేను చేసినవి కావనుకుంటున్నాను. కానీ పబ్లిక్ ప్రాసిక్యూటరుగారి వాదన విన్నాక, ఈ జిల్లాలో నేను చేయని పని ఏదైనా మిగిలిందా అని నాకే అనుమానంగా ఉంది.

గురువారం నువ్వు కటకటాల అవతల నిలబడి ఒకటే ప్రశ్న వేశావు. ప్లీడరు శ్రీమన్నారాయణగారు తెచ్చిన కాగితం మీద సంతకం ఎందుకు పెట్టవురా అని. నేను వార్డరు మీసాల గురించి ఏదో అన్నాను. నువ్వు నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయావు. నా ముప్పావు జీవితం నిన్ను నవ్వించడానికే ఖర్చుపెట్టినవాణ్ణి, ఆ రోజు అన్నం సయించలేదు. సోమవారం తీర్పు. అందుకే జవాబు రాస్తున్నాను. ఈ సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు గనక మొదటినుంచీ చెబుతాను.

నాన్న బసవపున్నయ్యగారు తెనాలి పక్కన ఎకరం అమ్మి ఇక్కడ పదెకరాల కాలవ భూమి కొన్నారని, కెంచనగుడ్డకు కొంచెం అవతల మన జిల్లావాళ్ళందరూ గుడిసెలు వేసుకున్న చోటుకు క్యాంపు అని పేరు పెట్టారని నీకు తెలుసు. మా క్యాంపు పక్కనే పాత ఊరు. ఆ ఊరి నీరుగంటి నెట్టికంటప్ప. అంటే తూములు ఎత్తి, దించి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే మనిషి. నాకంటే కొంచెం పెద్దవాడు. నాకు నీళ్ళ మీద పుట్టి తెడ్డేసి నడపడం నేర్పాడు. బదులుగా నేను గుడ్ మార్నింగ్ నేర్పితే దాన్ని పొద్దుగూకాకే వాడేవాడు. పొద్దున చెప్పడానికి పొద్దున ఖాళీ ఉండొద్దా అప్పా అనేవాడు.

నిరుడు నాట్లప్పుడు మా నారు ఎండిపోతుంటే వాడు మా తూము ఎత్తలేదు. పైవాళ్ళ వంతు కాలేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పక్కీరప్ప హోటల్లో పదిమంది ముందు, నిన్నే పట్టుకుపోయి కాలవలో నాటేస్తానురా, అప్పుడు తెలుస్తుంది నీళ్ళ విలువ అన్నాను. హోటలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్విందీ వాడే. నాటప్పా, నాటు, మొలిస్తే నలుగురు నెట్టికంటప్పలైతారు, తూముకొకడు, మీ క్యాంపోళ్ళ నోళ్ళు మూతపడతాయి అన్నాడు. కోర్టులో పక్కీరప్ప నా మాట పొల్లుపోకుండా చెప్పాడు. నవ్వారా అని మన ప్లీడరు అడిగితే, నేను టీ కాస్తాంటిని సామీ, నవ్వు చూడలేదు అన్నాడు. కోర్టువారి టైపుమిషనులో నవ్వుకు అక్షరం లేదనుకుంటాను. నా బెదిరింపు మాత్రం ఎక్కింది. ఇది మొదటి లంకె. గొలుసు అంటారులే వాళ్ళు. సాక్ష్యం ఒక్కటీ కంటితో చూసింది కాదట, పరిస్థితులన్నిటినీ లంకె వేసి గొలుసు చేస్తారట. నీ పెళ్ళికి నాన్న చేయించినదానికంటే బారెడు ఎక్కువ ఉంది.

ఇక పొలి. నాట్లు అయ్యాక ఊరమ్మ జాత్రె చేస్తారు. దున్నపోతును కొట్టి, ఆ నెత్తురు కలిపిన అన్నం గంపలో పెట్టి, పొద్దు పొడవక ముందే పొలిమేర చుట్టూ చల్లుకుంటూ తిరుగుతారు. అది పొలి. జంతుబలి చట్టరీత్యా నేరం కాబట్టి చడీచప్పుడు లేకుండా చేస్తారు. నిరుడు ఊరి గౌడ, అంటే ఊరిపెద్ద, కనకప్ప మా నాన్న దగ్గరికి వచ్చి, మీ మళ్ళన్నీ మా పొలిమేర లోపలే ఉండావి బసవపున్నయ్యప్పా, అమ్మకు మీ పక్కనుంచీ ఒక మనిషి నడవాల్ల, లేకుంటే పైరుకు ఏమైనా అయితే నన్ను అనొద్దు అన్నాడు. పనిలో లేకపోయినా ఎవరికీ నష్టం కలగని మనిషి కోసం క్యాంపు పెద్దలు ఆలోచించారు. ఎంతోసేపు పట్టలేదు. నా పేరు ఏకగ్రీవంగా ఖాయమైంది.

పొలి గంప ఎత్తినవాడు నెట్టికంటప్ప. నేను ఇనుప పొన్ను వేసిన కర్రతో నేలమీద కొట్టుకుంటూ వాడి ముందర నడవాలి. బయల్దేరేముందు నా పంచెకూ, కర్రకూ ఆ నెత్తురే పూశారు. గంపలో అన్నం వాడి తల్లి యంకమ్మ తన చేత్తో కలిపి పెట్టింది. మసక వెలుతురులో ఇద్దరం కాలవ గట్టెక్కాం. పొలిమేర రాయి దగ్గరికి నేనొక్కణ్ణే చేరాను. ఎండ ముదిరాక కింది ఊరి దగ్గర కాలవలో నెట్టికంటప్ప శవం దొరికింది. తల వెనక పెద్ద గాయం.

పోలీసులు రాకముందే కనకప్ప తన చావిట్లో అందరినీ కూర్చోబెట్టాడు. కోణా లేదు, పొలీ లేదు, గుమ్మడికాయ కొట్టినాము, అంతే. ఎవురైనా ఇంకో మాట అంటే ఊరంతా జైల్లోకి పోతాది అన్నాడు. కోణ అంటే దున్నపోతే. తరవాత నా వైపు తిరిగి, నీవు క్యాంపులో పండుకోని ఉంటివప్పా, గట్టు ఎక్కనే లేదు, అర్థమాయనా అన్నాడు. నేను తలూపాను. నా చదువంతటిలో ఏ ప్రొఫెసరుకూ నేను అంత త్వరగా జవాబు చెప్పలేదు.

ఆ తలూపుడుతో తక్కిన గొలుసు దానంతట అదే అల్లుకుంది. గేదెలు తోలుకొస్తున్న సిద్దక్క నన్ను చూసింది. పంచె మీద మరకలు, చేతిలో కర్ర, పక్కన ఎవరూ లేరు. కోర్టులో ఆవిడ నా మీద కోపంతో ఏమీ చెప్పలేదు. చూసింది చూసినట్టు చెప్తాండా సామీ, ఆ పిల్లోడు పలకరిస్తే పలకలేదు, మొకం సున్నం కొట్టినట్టు ఉండె అంది. ఇన్‌స్పెక్టరు వచ్చి కర్ర ఏదని అడిగితే వాములోంచి నేనే మర్యాదగా తీసి ఇచ్చాను. నెత్తురేమిటన్నాడు. కోడిదన్నాను. క్యాంపులో ఆ వారం ఎవరూ కోడిని కోయలేదని పదిమంది సాక్ష్యం చెప్పారు. మన క్యాంపువాళ్ళు ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. నెత్తురేగాని మనిషిదో, పశువుదో తేల్చలేమని బెంగుళూరు నుంచి రిపోర్టు వచ్చింది. గాయం కర్రతో కొట్టినా అవుతుంది, రాతిమీద పడినా అవుతుంది అని డాక్టరుగారు చెప్పారు. అందరికంటే నాకు నచ్చిన సాక్షి ఆయనే. ఆయన ఏమీ చెప్పలేదు, కానీ ఎంతో గంభీరంగా చెప్పారు.

చివర జడ్జిగారు నన్ను నిలబెట్టి ఒక్కొక్కటే అడిగారు. ఆ తెల్లవారుజామున గట్టు మీద ఉన్నావా? లేను. నెట్టికంటప్పతో నడిచావా? లేదు. కర్ర మీద నెత్తురు? కోడిది. ఆయన తల ఎత్తకుండా రాసుకున్నారు. కోడి దగ్గర మాత్రం తల ఎత్తి నన్ను చూశారు. ఆ చూపుకు తగిన చతురోక్తి నాకింతవరకూ దొరకలేదు.

శ్రీమన్నారాయణగారు చెప్పిన న్యాయసూత్రం చాలా అందమైనది. ఈ పరిస్థితులన్నీ కలిపి చూస్తే చంపినవాడు వీడే, వేరే ఏ రకంగానూ జరగడానికి వీల్లేదు అని తేలితేనే శిక్ష. వేరే దారి ఒక్కటి మిగిలినా వదిలేయాలి. ఇక్కడ ఆ వేరే దారి ఉంది. పొలి తిరుగుతూ గంపతో ఉన్న మనిషి తూము దగ్గర జారి రాతి మీద పడ్డాడు. ఎంత సులువైన దారి! కానీ ఆ దారిలోకి వెళ్ళాలంటే ముందు పొలి జరగాలి కదా. ఊరు జరగలేదంది. నేనూ జరగలేదన్నాను. పొలి లేనప్పుడు నెట్టికంటప్ప గంపెందుకు ఎత్తుతాడు, నా పంచె మీద నెత్తురెందుకుంటుంది? మంచివాడు అబద్ధం ఎందుకు చెబుతాడు అన్నారు ప్రాసిక్యూటరుగారు. అది పెద్ద లంకె. దాన్ని నేనే కొట్టి, నేనే వంచి, నేనే మెళ్ళో వేసుకున్నాను.

పోయిన ఆదివారం కనకప్ప మన ప్లీడరుగారింటికి వచ్చాడని నీకు తెలుసు. నువ్వే తలుపు తీశావట. తలరుమాలు తీసి చేతిలో పట్టుకుని, నాకు నిద్దర పడతాలేదు సామీ, జుల్మానా వేస్తే వేయనీ, లోపలేస్తే వేయనీ, పొలి జరిగినాదని కోర్టులో చెప్తా, పరాయి ఊరి పిల్లోణ్ణి మా అమ్మకు బలి పెట్టలేను అన్నాడట. తీర్పుకు ముందు ఎప్పుడైనా కోర్టువారు సాక్షిని మళ్ళీ పిలవచ్చు. దానికి నా కొత్త వాంగ్మూలం కావాలి. ముందు చెప్పింది అబద్ధం, నేను పొలిలో నడిచాను అని. ప్లీడరుగారు శుభ్రమైన ఇంగ్లీషులో రాసి తెచ్చారు. కింద సంతకం పెడితే చాలు. నేను పెట్టలేదు.

ఎందుకంటే, అక్కా, నేను ఊరికి మాట ఇచ్చాను. నేనే నోరు విప్పితే ఊళ్ళో పెద్దలందరి మీదా కేసులు. రేపు మన క్యాంపువాళ్ళు ఆ ఊరి దారిన నడవాలా వద్దా? ఆ నీళ్ళే తాగాలి కదా. పైగా మాట కోసం ప్రాణం ఇచ్చినవాళ్ళ కథలు చిన్నప్పుడు నాకు చెప్పి పాడుచేసింది నువ్వే. ఇప్పుడు నేను ఆచరించబోతే ఏడుస్తావేం?

జైలు వెనక వైపు మూడు రోజులుగా వడ్రంగులు మేకులు కొడుతున్నారు. వంటింటి కప్పు కారుతోందట అన్నాడు వార్డరు. నేను అడగలేదు. అడగకముందే చెప్పాడు.

ఒక్క సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. యంకమ్మ ప్రతి వాయిదాకూ వస్తుంది. ఊరినుంచి బస్సెక్కి వచ్చి, కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది. పోలీసులకు ఆవిడ నా మీద ఒక్క మాట చెప్పలేదు. నాకు గొత్తిల్లప్పా, తెలీదు అని ఊరుకుంది. నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు లేచి దగ్గరికి వస్తుంది. కానిస్టేబుళ్ళు కూడా అలవాటుపడి ఆగుతారు. వాయిదా వాయిదాకూ ఒకటే అడుగుతుంది. నీవు ముందర ఉంటివి కదా నాయినా, పోయేముందర మావాడు ఏమన్నా అన్నాడా అని. నేను, ఏమీ అనలేదవ్వా అంటాను. ఆవిడ, సరేలే నాయినా, తిన్నావా అంటుంది. మళ్ళీ వెళ్ళి స్తంభం దగ్గర కూర్చుంటుంది.

నాన్నకు ధైర్యం చెప్పు. బావను ప్లీడరుగారితో రాజకీయాలు మాట్లాడవద్దను, ఫీజు పెరుగుతుంది. నువ్వు మిరియాల కషాయం తాగు. ఇక చాలిస్తాను.

ఇట్లు,
నీ చేత ఎన్నో దెబ్బలు తిని ఇంకొన్ని తినగోరే తమ్ముడు,
కోటిలింగం, బి.ఏ.

తా.క. శ్రీమన్నారాయణగారు వచ్చి గేటు దగ్గర ఉన్నారు. కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినవన్నీ నిజాలే, సంతకం పెట్టకపోవడానికి చెప్పిన కారణం తప్ప. ఊరికిచ్చిన మాట కోసం ప్రాణం వదిలే మనిషినా నేను? నీకు తెలియదూ?

ప్లీడరుగారు నా దగ్గరే వదిలి వెళ్ళిన ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది. నెట్టికంటప్ప ఎక్కడ వెనకబడ్డాడో నేను ఎరుగను, నాకు ఏ కేకా వినబడలేదు అని. ప్లీడరుగారు నన్ను అడగకుండానే రాశారు. అడగాలని ఎవరికి తోస్తుంది? వినబడి ఉంటే వెనక్కి పరుగెత్తేవాణ్ణే కదా. ఆ వాక్యం కిందే నేను సంతకం పెట్టలేకపోయాను.

గట్టెక్కే ముందు యంకమ్మ నాకు బొట్టు పెట్టి చెప్పింది. వెనకనుంచి నీ పేరు పెట్టి పిలుస్తాది నాయినా, మావాని గొంతే ఉంటాది, వాడు కాదు. పొలి తినను వచ్చినవి అట్లే పిలుస్తావి. తిరిగి చూస్తివా, ఇద్దర్నీ తీసుకపోతావి. మావాడు పిలవడు, వానికి తెలుసు. నేను నవ్వి, నేను బి.ఏ. అవ్వా, దయ్యాలు నాతో ఇంగ్లీషులో మాట్లాడాలి అన్నాను. నెట్టికంటప్ప గంప కింద ముసిముసిగా నవ్వాడు.

తూము దాటి కొంచెం దూరం వెళ్ళాను. వెనక ఏదో జారిన చప్పుడు, నీళ్ళ చప్పుడు. కోటిలింగప్పా అని పిలిచాడు.  చదివిన చదువంతా ఎక్కడికి పోయిందో తెలియదు. నేను తిరగలేదు. మళ్ళీ పిలిచాడు. అప్పటివరకూ నన్ను ఎవరూ తప్పు పట్టలేరు అక్కా, నిజంగా దయ్యమనే అనుకున్నాను. మూడోసారి పేరు లేదు. గొంతులో నీళ్ళు పోయినట్టుంది. చెయ్యియ్యప్పా, రాయి జారతాండాది, చెయ్యి అన్నాడు.

అది వాడేనని నాకు తెలుసు. ఆ క్షణమే తెలుసు.

యంకమ్మ కట్టడి పాటించానని చెప్పుకుంటే తప్పంతా ఆ ముసలిదాని నెత్తిన పడుతుంది. తన నోటి మాటే కొడుకును ముంచిందని సోమవారం నుంచి ఏడుస్తూ బతుకుతుంది. అందుకే ఆ వాక్యం కొట్టేసి, దానిమీద మూడో పిలుపుకు అది వాడేనని నాకు తెలుసు అని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. ప్లీడరుగారు చదివి తిడతారు. ఇది చూశాక జడ్జిగారు నమ్ముతారో, ఇది కూడా ఒక లంకె అంటారో తెలియదు. సోమవారం లోపలికి వెళ్ళేముందు వరండాలో యంకమ్మ అడుగుతుంది. నేను చెబుతాను. అంతకుముందు ఒక్కరికైనా చెప్పి చూసుకోవాలని నీకు చెబుతున్నాను.

నేను వాణ్ణి కొట్టలేదు, తొయ్యలేదు. వాడు చెయ్యి అడిగినప్పుడు నేను చేసింది ఒకటే. నడక వేగం పెంచాను.